నెలకో అస్తాలిన్ కొనుక్కెళ్లేవాళ్లకు మందుల షాపులో ఏం చెప్పాలి?

పల్నాడు_ఫార్మసిస్ట్:

నమస్కారం. మందుల షాపుల్లో ఉబ్బసం వాళ్లు కొనేదాంట్లో ఎక్కువ భాగం ఒక్కటే, ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే అస్తాలిన్ ఇన్‌హేలర్. పాత చీటీ గానీ ఖాళీ డబ్బా గానీ చూపించి "ఇదే ఇవ్వండి" అంటారు. కొందరికి నెలకొకటి, చలి మొదలయ్యాక నెలకు రెండు. డాక్టరు గారు దాంతోపాటు వాపు తగ్గడానికి రోజూ పీల్చే ఫోరాకార్ట్ లాంటిది కూడా రాసి ఉంటారు, కానీ అది మొదటి నెల కొని ఆపేస్తారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు మూడే: "అది పీలిస్తే వెంటనే ఏమీ తెలియట్లేదు", "అందులో స్టెరాయిడ్ ఉందట", "అలవాటు పడిపోతామేమో".

అస్తాలిన్ డబ్బాకు 200 పఫ్‌లు, పఫ్‌కు 100 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ అనే మందు. నెలకో డబ్బా అంటే రోజుకు ఆరేడు పఫ్‌లు. ఇది మంచిది కాదని ఫార్మసీ చదివిన వాళ్లందరికీ తెలుసు. కౌంటర్ దగ్గర, వెనక నలుగురు నిలబడి ఉండగా, రెండు నిమిషాల్లో ఎలా చెబితే మనసుకు ఎక్కుతుందన్నదే నా ప్రశ్న. ఇంకా కొన్ని ఉన్నాయి:

ఎన్ని డబ్బాలు దాటితే గట్టిగా హెచ్చరించాలి? ఈమధ్య కొన్ని చీటీల్లో ఫోరాకార్ట్‌నే "ఉదయం, సాయంత్రం, ఇంకా ఆయాసం వచ్చినప్పుడు" అని రాస్తున్నారు. అది సరైనదేనా, పరిమితి ఎంత? బీడీలు, చుట్టలు కాల్చే పెద్దవాళ్లు కూడా ఇవే ఇన్‌హేలర్లు అడుగుతారు, వాళ్లదీ ఉబ్బసమేనా? పీల్చే పద్ధతిలో తప్పులు ఎక్కడ జరుగుతాయో అనుభవమున్న వాళ్లు రాస్తే అది ప్రింట్ తీసి షాపులో అంటించవచ్చు.

---

ఛాతీవైద్యం_గుంటూరు:

మంచి ప్రశ్న అడిగారు. ఉబ్బసం మనిషి డాక్టరును ఏడాదికి ఒకటి రెండుసార్లు చూస్తాడు, మందుల షాపుకు నెలనెలా వస్తాడు. ప్రమాదాన్ని ముందు పసిగట్టగలిగేది మీరే.

ముందు సంఖ్యలు. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు లేదా అంతకు మించి కొనేవాళ్లకు ఎటాక్ వచ్చి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం పెరుగుతుంది. పన్నెండుకు చేరితే ఉబ్బసంతో చనిపోయే ప్రమాదమే పెరుగుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గినా సంస్థ చెప్పే హద్దులు ఇవే. మీరు చెప్పిన నెలకో డబ్బా మనిషి సరిగ్గా ఆ రెండో గీత మీద నిలబడి ఉన్నాడు. నాలుగు నెలలకు ఒకటి కొనేవాడు కూడా "బాగానే ఉన్నాను" అంటాడు గానీ మొదటి గీత మీద ఉన్నట్టే.

ఎందుకంటే ఉబ్బసంలో గాలి గొట్టాల లోపల మూడు జరుగుతాయి: చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, జిగట కఫం పేరుకుంటుంది. సాల్బుటమాల్ మొదటిదాన్ని మాత్రమే వదులు చేస్తుంది, అది కూడా నాలుగు నుంచి ఆరు గంటలు. వాపును అది ముట్టుకోదు. ఐదు నిమిషాల్లో హాయిగా ఉంటుంది కనుక మనిషి అదే అసలు మందు అనుకుంటాడు, వాపు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పైగా రోజూ వాడితే ఆ మందుకు స్పందించే గ్రాహకాల పని మందగిస్తుంది. అసలు ఎటాక్ వచ్చిన రోజు ఎన్ని పఫ్‌లు కొట్టినా పట్టు దొరకదు.

వాపును రోజూ అదుపులో ఉంచే ముఖ్యమైన మందు పీల్చే స్టెరాయిడ్. దాని పని కొన్ని రోజుల్లో మొదలవుతుంది, పూర్తి ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "వెంటనే ఏమీ తెలియట్లేదు" అన్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి. మొదటి డబ్బా ఇచ్చే రోజే చెప్పకపోతే రెండో డబ్బాకు రారు.

స్టెరాయిడ్ భయానికి లెక్కతోనే జవాబు చెప్పండి. ఎటాక్‌లో మింగించే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. ఫోరాకార్ట్ 200 ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పీలిస్తే రోజుకు అందులోని స్టెరాయిడ్ బ్యుడెసొనైడ్ 400 మైక్రోగ్రాములు. బ్యుడెసొనైడ్ ఘాటైన మందు కాబట్టి దీన్ని సరిగ్గా వందో వంతు ప్రభావం అనలేం. కానీ అది నేరుగా గాలి గొట్టాల మీద పడుతుంది, గొంతు వెంట కడుపులోకి పోయిన భాగంలో దాదాపు 90 శాతం కాలేయం దగ్గరే నిర్వీర్యమైపోతుంది. ఈ మోతాదులో మామూలుగా కనిపించే ఇబ్బందులు నోట్లో తెల్లపూత, గొంతు బొంగురుపోవడం. పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. "అలవాటు" అనే మాటకొస్తే, బీపీ మాత్ర రోజూ వేసుకోవడాన్ని ఎవరూ అలవాటు అనరు. ఆపితే వాపు తిరిగి వస్తుంది, ఎందుకంటే జబ్బు ఉంది. గర్భిణులు భయపడి ఆపేస్తుంటారు, వాళ్లకు మరీ గట్టిగా చెప్పండి. తల్లికి ఎటాక్ వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది, ఇన్‌హేలర్ కంటే అదే ఎక్కువ ప్రమాదం.

ఫోరాకార్ట్‌ను అవసరానికి కూడా వాడమని రాయడం సరైనదే. 2019 నుంచి గినా పెద్దలకు, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి పంపొద్దని చెబుతోంది. ఫోరాకార్ట్‌లో ఉన్న రెండో మందు, గాలి గొట్టాలను వదులు చేసే ఫార్మొటెరాల్, రెండు మూడు నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది కాబట్టి బ్యుడెసొనైడ్‌తో కలిపి అవసరానికీ వాడవచ్చు, ఆయాసానికి పీల్చిన ప్రతిసారీ వాపు మందు కూడా లోపలికి పోతుంది. 200 బలమున్న డబ్బాలో పఫ్‌కు ఫార్మొటెరాల్ 6 మైక్రోగ్రాములు. రోజువారీవి, అవసరానివి అన్నీ కలిపి పెద్దవాళ్లకు 24 గంటల్లో 12 పఫ్‌లు గరిష్ఠం. ఆ గరిష్ఠం వాడుకోమని ఇచ్చింది కాదు. రోజూ ఎక్కువ పఫ్‌లు పడుతున్నాయంటే రెండు రోజులు ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపండి. ఇక్కడొక జాగ్రత్త: సెరోఫ్లో లాంటి వాటిలో ఉండేది సాల్మెటెరాల్. అది మెల్లగా పనిచేస్తుంది, అవసరానికి వాడేందుకు పనికిరాదు. ఆ మందు వాడేవాళ్ల దగ్గర అస్తాలిన్ విడిగా ఉండాల్సిందే. బ్రాండ్ లేకపోతే "ఇదీ అదే" అని మార్చి ఇవ్వకండి.

కౌంటర్ దగ్గర అడగడానికి నాలుగు ప్రశ్నలు చాలు, అన్నీ గడిచిన నాలుగు వారాల గురించే. పగలు ఆయాసం, పిల్లికూతలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా? ఆయాసంతో రాత్రి నిద్ర లేచారా? అస్తాలిన్ వారానికి రెండుసార్లు మించి పట్టిందా? పని, నడక, మెట్లు తగ్గించుకోవాల్సి వచ్చిందా? ఒక్కదానికైనా "అవును" అంటే ఉబ్బసం పూర్తిగా అదుపులో లేదు. మూడు నాలుగు వస్తే అసలే అదుపులో లేదు.

బీడీ, చుట్ట కాల్చేవాళ్లలో నలభై దాటాక మొదలై, రోజూ ఒకేలా ఉండి, ఏడాదికేడాది పెరిగే ఆయాసం చాలామటుకు సీఓపీడీ, అంటే పొగ వల్ల గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. కట్టెల పొయ్యి దగ్గర ఇరవై ముప్పై ఏళ్లు వండిన ఆడవాళ్లకూ వస్తుంది, ఒక్క బీడీ కాల్చకపోయినా. ఉబ్బసం గుణం వేరు: వస్తుంది, పోతుంది, రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువ, మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు. తేల్చేది ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష. ఒకసారి ఊదించి, సాల్బుటమాల్ 200 నుంచి 400 మైక్రోగ్రాములు ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే ఉబ్బసానికి బలమైన ఆధారం. పరీక్ష రోజు మామూలుగా వస్తే జబ్బు లేదని కాదు.

పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి, టీబీ కావచ్చు. కాళ్ల వాపు ఉండి, పడుకుంటే ఆయాసం పెరిగితే గుండె చూపించాలి. ఇక కోస్తా జిల్లాల్లో, బోదకాలు ఉన్న ప్రాంతాల్లో మరొకటి గుర్తుంచుకోవాలి. రాత్రిపూట విడవని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు 3,000 దాటి ఉంటే అది ఫైలేరియా క్రిమి వల్ల వచ్చే ట్రాపికల్ ఇసినోఫీలియా కావచ్చు. దానికి మందు డీఈసీ, మూడు వారాలు. దాన్ని ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడితే నయం కాదు, ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది.

---

స్పైరో_టెక్నీషియన్:

పద్ధతి గురించి రాస్తాను. ఇన్‌హేలర్ వాడేవాళ్లలో 70 నుంచి 80 శాతం మంది దాన్ని సరిగ్గా వాడలేరన్నది గినా మాటే. కాబట్టి "మందు పనిచేయట్లేదు" అన్న మనిషికి బలం పెంచేముందు, మన కళ్లముందు ఒకసారి పీల్చి చూపించమనాలి.

అన్నిటికంటే పెద్ద గందరగోళం ఇక్కడుంది: స్ప్రే డబ్బాను మెల్లగా పీల్చాలి, క్యాప్సూల్‌లో వచ్చే రోటాక్యాప్ పొడిని గట్టిగా, వేగంగా పీల్చాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినవాళ్లు పాత పద్ధతే కొనసాగిస్తారు. స్ప్రేను గట్టిగా లాగితే మందు గొంతు వెనక గోడకు తగిలి అక్కడే ఆగిపోతుంది. పొడిని మెల్లగా పీలిస్తే అది విడిపోక, క్యాప్సూల్‌లోనూ నోట్లోనూ మిగిలిపోతుంది.

స్ప్రే అయితే: మూత తీసి, నాలుగైదుసార్లు బాగా కుదపాలి. కొత్త డబ్బా అయినా, వారం రోజులు వాడకపోయినా ముందు రెండు పఫ్‌లు గాల్లోకి కొట్టాలి. ఊపిరి నిదానంగా పూర్తిగా బయటికి వదలాలి. పెదాలు బిగించి, మెల్లగా పీల్చడం మొదలుపెట్టిన వెంటనే నొక్కాలి. నొక్కాక కూడా మూడు నుంచి ఐదు సెకన్లు పీలుస్తూనే ఉండాలి, తర్వాత పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి కొట్టాలి. ఒకేసారి రెండు నొక్కితే రెండు మోతాదులు లోపలికి పోవు. నొక్కగానే ముక్కులోంచో నోటి పక్కలనుంచో పొగలా బయటికొస్తే మందు వృథా అయినట్టే.

నొక్కడం, పీల్చడం కుదరనివాళ్లకు, ఆ మాటకొస్తే స్టెరాయిడ్ స్ప్రే వాడే అందరికీ, ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం, అంటే స్పేసర్ ఇవ్వండి. ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే కొట్టి, మెల్లగా ఒక లోతైన శ్వాస తీసి బిగబట్టాలి, లేదా మామూలుగా ఐదారుసార్లు పీల్చి వదలాలి. ప్లాస్టిక్ స్పేసర్ గోడకు స్థిర విద్యుత్ ఉంటుంది, మందు రేణువులు దానికి అంటుకుంటాయి. కొత్తది కొన్నరోజే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ఆ విద్యుత్ మళ్లీ వస్తుంది. నెలకోసారి ఇలాగే చేయాలి.

స్పేసర్ కొనలేని ఇంట్లో 500 మిల్లీలీటర్ల నీళ్ల సీసా వాడవచ్చు. 1999లో కేప్‌టౌన్‌లో పిల్లల మీద జరిగిన పరీక్షలో, ఇన్‌హేలర్ చుట్టూ సందు లేకుండా మూసిన సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. థర్మాకోల్ కప్పు అన్నిటికంటే తక్కువగా పనిచేసింది. సీసా అడుగున ఇన్‌హేలర్ నోరు సరిగ్గా పట్టేంత రంధ్రం చేయాలి, వదులుగా ఉంటే టేపుతో చుట్టూ మూయాలి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చాలి. అంచులు గీసుకోకుండా చూడాలి, ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

రోటాక్యాప్‌లో తప్పులు వేరు. కొందరు క్యాప్సూల్ మింగేస్తారు, ఇచ్చేటప్పుడే చెప్పాలి. పరికరంలోకి ఊదుతారు, తేమ తగిలి పొడి ముద్దకడుతుంది, ఊపిరి పక్కకు తిరిగి వదలాలి. ఒక్కసారి పీల్చి అయిపోయిందనుకుంటారు. తెరిచి చూసి, పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. క్యాప్సూల్స్ వంటగదిలో, తడి గాలి తగిలేచోట పెట్టకూడదు, వాడేటప్పుడే బయటికి తీయాలి.

డబ్బా అయిపోయిందో లేదో నీళ్లలో వేసి చూడటం మానిపించండి, అది నమ్మదగింది కాదు. కుదిపితే చప్పుడు వస్తోందన్నా మందు ఉన్నట్టు కాదు, మందు అయిపోయాక కూడా లోపల వాయువు కాస్త మిగిలి ఉంటుంది. మిగిలిన పఫ్‌ల లెక్క చూపే కౌంటర్ లేని డబ్బా మీద మీరే పెన్నుతో మొదలుపెట్టిన తేదీ రాయండి. 120 పఫ్‌ల డబ్బా, రోజుకు నాలుగు అయితే సరిగ్గా 30 రోజులు. నెలకు రావాల్సిన మనిషి మూడు నెలలకు వచ్చాడంటే సంగతి అర్థమైపోతుంది.

---

పల్నాడు_ఫార్మసిస్ట్:

డాక్టరు గారికి, టెక్నీషియన్ గారికి ధన్యవాదాలు. తేదీ రాయడం రేపటి నుంచే మొదలుపెడతాం. మరో రెండు సంగతులు. షాపు దగ్గరే ఎగశ్వాసతో ఎవరైనా కూలబడితే ఆ క్షణంలో ఏం చేయాలి? మనం అమ్మే మందుల్లో ఉబ్బసాన్ని రేపేవి ఏవి? పల్లెల్లో కొందరు ప్రెడ్నిసొలోన్, డెక్సా లాంటి స్టెరాయిడ్ మాత్రలు దగ్గర పెట్టుకుని సొంతంగా వేసుకుంటున్నారు, దాని గురించి కూడా చెప్పండి.

---

ఛాతీవైద్యం_గుంటూరు:

పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, చేతులు బల్ల మీద ఆనించండి. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు నుంచి పది పఫ్‌లు ఇవ్వండి. తగ్గకపోతే 20 నిమిషాలకోసారి, మొదటి గంటలో ఇదే మళ్లీ. ఫోరాకార్ట్ 200ను అవసరానికి వాడుతున్న మనిషి దగ్గర అదే ఉంటే ఒక పఫ్, కొన్ని నిమిషాలకు ఇంకొకటి. ఒక విడతలో ఆరు మించకూడదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే గంట ఆగి చూడొద్దు, 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూ ఉండాలి: ఒక వాక్యం పూర్తిగా పలకలేక ఒక్కో మాటగా మాట్లాడటం, పెదాలు నీలిరంగు, మత్తుగా లేదా కంగారుగా మారడం, ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువ. ఇంకొకటి, చాలామంది మోసపోయేది ఇక్కడే: అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి, మనిషి మాత్రం అలసిపోయి ఉంటే అది తగ్గడం కాదు. కూత రావడానికి కూడా చాలినంత గాలి ఆడట్లేదని అర్థం.

మీ దగ్గరున్న మందుల్లో మొదట చూడాల్సినవి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు. చేతుల వణుకుకి, మైగ్రేన్‌కి, థైరాయిడ్‌కి రాసే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా అంతే. చుక్కల మందు ఊపిరితిత్తుల దాకా పోతుందని ఎవరూ అనుకోరు గనుక ఇది తరచూ తప్పిపోతుంది. ఇలాంటి చీటీ వస్తే అమ్మకముందే రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. తర్వాత నొప్పి మాత్రలు: ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్. ఇవి అందరికీ పడకపోవడం ఉండదు. పెద్దల్లో కొంతమందికి, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగి వాసన తెలియనివాళ్లకు, వేసుకున్న గంట రెండు గంటల్లో తీవ్రమైన ఎటాక్ వస్తుంది. ముందెప్పుడైనా నొప్పి మాత్ర వేసుకున్నాక ఆయాసం వచ్చిందా అని అడిగి, అనుమానముంటే పారాసిటమాల్ 500 ఇవ్వండి.

ప్రెడ్నిసొలోన్ ఎటాక్‌లో ప్రాణం నిలిపే మందే. పెద్దలకు రోజుకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు ఐదు నుంచి ఏడు రోజులు, రెండు వారాల్లోపు కోర్సును మెల్లగా తగ్గించాల్సిన పని కూడా లేదు. కానీ జీవితం మొత్తం మీద నాలుగైదు కోర్సులు పడినా షుగరు, ఎముకల బలహీనత, కంట్లో శుక్లం ప్రమాదం పెరుగుతుంది. ఏడాదిలో రెండు కోర్సులు పడ్డాయంటే ఆ మనిషి స్పెషలిస్టు దగ్గర ఉండాలి. నెలల తరబడి రోజూ డెక్సా మింగేవాళ్లను "వెంటనే ఆపేయండి" అని మాత్రం అనకండి. శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోతుంది. డాక్టరు పర్యవేక్షణలో తగ్గించాలి. పేరులేని "ఆయాసం పొట్లాలు" వాడి ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, చర్మం పలచబడినవాళ్లు వస్తే అందులో స్టెరాయిడ్ ఉందనే అనుమానించండి.

---

పిల్లల_వార్డు_నర్సు:

పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం చేరుస్తాను.

నాలుగేళ్లలోపు పిల్లలకు స్పేసర్‌కు మాస్కు కావాలి, ముక్కూ నోరూ కప్పి సందు లేకుండా పట్టాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మందు లోపలికి చాలా తక్కువ పోతుంది, ఎత్తుకుని ఊరుకోబెట్టి ఇవ్వాలి. మాస్కు తీశాక ముఖం తడిగుడ్డతో తుడవాలి. "గాలి మిషన్ పెడితేనే తగ్గుతుంది" అని తల్లిదండ్రులు నెబులైజర్ కోసం పట్టుబడతారు. మామూలు, మధ్యస్థాయి ఎటాక్‌లో స్పేసర్‌తో ఇచ్చిన పఫ్‌లు నెబులైజర్‌కు తీసిపోవు, త్వరగానూ అయిపోతుంది. వేడినీళ్ల ఆవిరి అసలు ఉబ్బసానికి మందే కాదు, పిల్లలు ఒళ్లు కాల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది.

సాల్బుటమాల్ సిరప్ ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడుపోతోంది. నోటి ద్వారా ఇస్తే మోతాదు ఎక్కువ కావాలి, పని ఆలస్యంగా మొదలవుతుంది, చేతుల వణుకు, గుండెదడ ఎక్కువ. ఇన్‌హేలర్ దొరికేచోట దాని అవసరం లేదు.

ఎదుగుదల తగ్గుతుందా అని ప్రతి తల్లీ అడుగుతుంది. దాచకుండా అంకె చెప్పడమే మంచిది. అమెరికాలో ఐదు నుంచి పదమూడేళ్ల వయసులో మొదలుపెట్టి, రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ నాలుగు నుంచి ఆరేళ్లు వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారు. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను ఆపుతుంది, బడి పోగొడుతుంది, ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. అదుపు దొరికాక మూడు నెలలకోసారి డాక్టరు మోతాదు తగ్గిస్తూ వస్తారు, మనంతట మనం ఆపకూడదు.

ఉబ్బసానికి, అలర్జీకి రాసే మాంటెలుకాస్ట్ ఉన్న మాత్రలు ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పనిసరిగా చెప్పండి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిమీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. పీడకలలు, విపరీతమైన కోపం, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. పిల్లాడి ప్రవర్తన మారితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పిల్లల్లో ప్రమాద సూచనలు: డొక్కలెగరేయడం, ముక్కుపుటాలు అదరడం, పాలు తాగలేకపోవడం, మాటలు తెగిపోవడం. ఇవి కనిపిస్తే షాపు దగ్గర మందు అడుగుతూ నిలబడే సమయం కాదది.

---

దుమ్ము_పొగ_పరిశీలన:

కారణాల మీద ఒక జవాబు ఉండాలి. మందు సరిగ్గా వాడుతున్నా అదుపు రావట్లేదంటే ఇంట్లో, పనిచోట ఏదో రేపుతూనే ఉంటుంది.

దోమల చుట్ట దగ్గర మొదలుపెట్టండి. మూసిన గదిలో ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. దోమతెర కట్టుకుంటే ఆ పొగే ఉండదు. సాంబ్రాణి, అగరొత్తులు కిటికీ తెరిచి, ఉబ్బసం మనిషి గదిలో లేనప్పుడు. బూరుగు దూది దిండ్లు, పరుపుల్లో దుమ్ము పురుగులుంటాయి, కంటికి కనిపించవు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 55 డిగ్రీలకు మించిన వేడినీళ్లలో ఉతకాలి, ఉత్త ఎండలో దులిపితే చాలదు. ఊడ్చేముందు తడిగుడ్డ పెట్టండి. బొద్దింకలకు స్ప్రే కొట్టడం కంటే జెల్ మందు పెట్టడం మేలు, స్ప్రే వాసనే ఎటాక్ తెస్తుంది.

పనిచోట ఆరా తీసే పద్ధతి ఇది: సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి వెళ్లగానే పెరుగుతోందా? ఊదే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఒకటి ఇప్పించి, రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు ఊది అందులో ఎక్కువది రాసుకోమనండి. పనికెళ్లిన రెండు వారాలు, వెళ్లని రెండు వారాలు రాస్తే తేడా కాగితం మీదే కనిపిస్తుంది. వాహనాలకు స్ప్రే పెయింట్ వేసేవాళ్లకు అందులోని ఐసోసయనేట్ రసాయనాలు, పిండిమర దగ్గర గోధుమ పిండి, భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో నీటి తుంపరలతో గాల్లో కలిసే రొయ్య ప్రోటీన్లు ఉబ్బసాన్ని కొత్తగా కూడా తెప్పిస్తాయి. ఇలాంటివి తొందరగా గుర్తించి ఆ పని నుంచి దూరం జరిగితే తగ్గే అవకాశం ఎక్కువ, ఏళ్లు గడిస్తే పని మానినా జబ్బు మిగిలిపోతుంది. మిర్చి యార్డు ఘాటు దగ్గు రేపి, ఉన్న ఉబ్బసాన్ని పెంచుతుంది. అక్కడ తువ్వాలు కట్టుకుంటే చాలదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు కావాలి.

పెరుగు, అరటిపండు, జామకాయ మానేయమని చెప్పేవాళ్లను ఆపండి. తిన్న ప్రతిసారీ ఎటాక్ వస్తున్న ఫలానా పదార్థం ఉంటే తప్ప పథ్యంతో ఉబ్బసం తగ్గదు, ఎదిగే పిల్లలు బలహీనపడతారు.

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇచ్చే చేప ప్రసాదం గురించి కూడా కౌంటర్ దగ్గర అడుగుతారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవాళ్లతో వాదన పెట్టుకుంటే మళ్లీ మన షాపుకు రారు. ఒక్కటి మాత్రం ఒప్పించి పంపండి: రోజువారీ ఇన్‌హేలర్ ఒక్కపూట కూడా ఆపకూడదు, ఆ క్యూలో నిలబడేటప్పుడు అస్తాలిన్, స్పేసర్ చేతి సంచిలో ఉండాలి. ఉబ్బసం మనుషులు ఒకేచోట వేలమంది, జూన్ ఉక్కపోత, గంటల తరబడి నిలబడటం, కాబట్టి ఎటాక్ రావడానికి అన్నీ అక్కడే ఉంటాయి. మే నెలాఖరులో వచ్చేవాళ్ల డబ్బాలో ఇంకెన్ని పఫ్‌లు మిగిలాయో తేదీ చూసి మీరే లెక్కగట్టి చెప్పండి.